గేటు లోపల ఎవరికి దెబ్బ తగిలినా: చేనుకీ ఇంటికీ కొట్టుకీ బాధ్యులైనవాళ్లు చేయాల్సిన పనులు

పొదిలి పక్కన మా నాన్న కంది చేలో మూడు బోర్లు వేయించాడు. రెండింట్లో దుమ్ము లేచింది, మూడో దాంట్లో రెండంగుళాల నీళ్లు పడ్డాయి. నీళ్లు పడని బోర్ల కేసింగ్ పైపు పీకి మూడో దానికి వాడుకున్నాం. పైపు ఖర్చు మిగిలిందని ఇంట్లో అందరం సంతోషపడ్డాం. ఉత్త బొక్కల్లో గోతాలు కుక్కి, పైన చెరో నాపరాయి పెట్టి మరిచిపోయాం.

మూడేళ్ల తర్వాత కంది కోతలప్పుడు చూస్తే ఒక రాయి పక్కకు జరిగి ఉంది. కింద గోతం లేదు. ఎండకు చివికి, వానకు కుళ్లి లోపలికి జారిపోయింది. పైపు లేనందువల్ల అంచు మట్టి విరిగి, జానెడు బొక్క కాస్తా మూరెడైంది. కూలికొచ్చిన ఒకామె కొడుకు, నాలుగేళ్లవాడు, దాని అంచున గొంతుక్కూర్చుని ఒక్కో బెడ్డా లోపలికేస్తూ చప్పుడు కోసం చెవి పెట్టి వింటున్నాడు. పిలిస్తే ఉలిక్కిపడతాడేమోనని పిలవలేదు. వెనక నుంచి మెల్లగా వెళ్లి రెక్క పట్టుకుని లాగాను. వాడు ఏడ్చాడు. వాళ్లమ్మ పరిగెత్తుకుంటూ వచ్చి, "వాడేమన్నా చేశాడా సామీ?" అని నన్నే అడిగింది. తప్పు చేసింది వాడు కాదు, మేము.

ఇప్పుడు ఒంగోలులో వకాల్తా చేసుకుంటున్నాను. ఇలాంటి కేసుతో వచ్చిన ప్రతివాళ్లూ మొదట అనే మాట ఒకటే: "మా స్థలంలోకి వాళ్లని ఎవరు రమ్మన్నారండీ?" ఆ ప్రశ్నకు కోర్టు ఇచ్చే విలువ జనం అనుకునే దానికంటే చాలా తక్కువ. అక్కడ ప్రమాదం ఉందని మీకు తెలుసా, అటు మనుషులు వస్తారని తెలుసా, తెలిసి కూడా చేయగలిగిన పని ఎందుకు చేయలేదు? కోర్టు అడిగేవి ఇవీ. కింద చెప్పిన పనులన్నీ ఈ మూడు ప్రశ్నలకు ముందుగానే జవాబు సిద్ధం చేసుకోవడానికే.

చట్టం ఎక్కడుంది?

ఇంగ్లండులో దీనికోసమే 1957లో ఒకటి, 1984లో ఒకటి చట్టాలు చేశారు. మొదటిది వచ్చే అతిథులకు, రెండోది అనుమతి లేకుండా వచ్చేవాళ్లకు. మన దేశంలో అలా ఒకే పేరుతో చట్టం లేదు. అంతమాత్రాన బాధ్యత లేదనుకుంటే పొరపాటు. నిర్లక్ష్యం వల్ల నష్టం చేసినవాడు పరిహారం కట్టాలన్న సాధారణ సూత్రాన్ని మన కోర్టులు ఎప్పటినుంచో అమలు చేస్తున్నాయి. దాని పక్కనే నేర చట్టం, విద్యుత్తు చట్టం, వినియోగదారుల చట్టం ఉన్నాయి.

వకీళ్లు కూడా తరచూ మరిచిపోయే పాత చట్టం ఇంకొకటి ఉంది. 1882 నాటి సౌలభ్య హక్కుల చట్టం, ఈజ్‌మెంట్స్ యాక్టు అంటారు. అది మొదట అమలైన చోట్లలో మద్రాసు ప్రెసిడెన్సీ ఒకటి కాబట్టి నెల్లూరు సీమకు మొదటినుంచీ వర్తిస్తోంది. 1970లో నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల ముక్కలు కలిపి చేసిన ప్రకాశానికీ అంతే. దాని 57వ సెక్షన్ ప్రకారం, మీ స్థలంలోకి ఒకరికి అనుమతి ఇస్తే, అక్కడ మీకు తెలిసి వాళ్లకు తెలియని ప్రమాదకరమైన లోపం ఏదన్నా ఉంటే చెప్పి తీరాలి. 58 ప్రకారం, అనుమతి ఇచ్చాక ఆ చోటు వాళ్లకు ప్రమాదకరంగా మారే పనేదీ మీరు చేయకూడదు. 54 ఇంకా ముఖ్యం: అనుమతి నోటితోనో కాగితం మీదో ఇవ్వనక్కర్లేదు, మీ ప్రవర్తనను బట్టి కూడా ఇచ్చినట్టే అవుతుంది. మీ గెట్టు మీదుగా ఊళ్లోవాళ్లు పదేళ్లుగా నడుస్తుంటే చూస్తూ ఊరుకున్నారనుకోండి, వాళ్లు దొంగతనంగా వచ్చారని రేపు కోర్టులో చెప్పడం కష్టం.

మొదటి పని: ఆ చోటు ఎవరి చేతిలో ఉందో తేల్చుకోండి

పట్టాదారు పాసుపుస్తకంలో పేరున్నవాడే బాధ్యుడని చాలామంది అనుకుంటారు. చట్టం చూసేది ఆ చోటు ఎవరి అదుపులో ఉందని. గేటుకు తాళం వేసేది, మరమ్మతు చేయించగలిగేది, ఫలానావాళ్లు రావొచ్చు, ఫలానావాళ్లు రాకూడదు అని చెప్పగలిగేది ఎవరు? వాళ్లే బాధ్యులు. విడవలూరు వైపు రొయ్యల గుంట లీజుకు తీసుకున్నవాళ్లు, కొండపి వైపు పొగాకు చేను కౌలుకు చేసేవాళ్లు, కొట్టు అద్దెకు తీసుకున్నవాళ్లు, అందరూ ఈ లెక్కలోకి వస్తారు.

అలాగని యజమాని చేతులు దులుపుకోవడానికీ లేదు. అద్దెకిచ్చేటప్పుడు తనకు తెలిసి, మామూలుగా చూస్తే కనిపించని లోపం ఉంటే చెప్పాలని ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ అంటోంది. మేడమెట్లు, ఉమ్మడి సంపు, డాబా యజమాని అదుపులోనే ఉంటే వాటి బాధ్యత అతనిదే. ఒకే చోటికి ఇద్దరూ బాధ్యులు కావొచ్చు కూడా. అందుకని కౌలు కాగితం రాసుకునేటప్పుడే బోరు, మోటారు, స్టార్టరు పెట్టె, కంచె, బావి ఎవరు చూసుకోవాలో ఒక్కో వాక్యం రాసుకోండి. నోటిమాట కౌలైతే కనీసం ఒక తెల్లకాగితం మీదన్నా రాసి ఇద్దరూ సంతకాలు పెట్టుకోండి. దెబ్బతిన్న మూడో మనిషి మీ ఇద్దరి మీదా దావా వేయడానికి ఆ కాగితం అడ్డం కాదు. తర్వాత మీలో ఎవరు ఎంత భరించాలో తేలడానికి పనికొస్తుంది.

రెండో పని: ఎవరెవరు వస్తారో లెక్క తీయండి

పాత ఇంగ్లీషు న్యాయం వచ్చేవాళ్లను మూడు రకాలు చేసింది. మీ పని మీదో మీ లాభం కోసమో వచ్చేవాళ్లు ఒకరు: కొట్టుకొచ్చిన బేరం, కోతకొచ్చిన కూలి, గ్యాసు బండ తెచ్చిన కుర్రాడు. వీళ్ల విషయంలో మీకు తెలిసిన ప్రమాదమే కాదు, కాస్త శ్రద్ధ పెడితే తెలిసేది కూడా సరిచేయాలి. రెండోరకం మీ అనుమతితో తమ పని మీద వచ్చేవాళ్లు: చుట్టం, మంచినీళ్ల కోసం వచ్చిన పొరుగామె. మీకు తెలిసిన దాగుడు ప్రమాదం వీళ్లకు చెప్పాలి. మూడోరకం అనుమతి లేకుండా వచ్చేవాళ్లు.

ఈ మూడు గదుల్లో మనిషిని ఇరికించడానికి వకీళ్లం గంటలు గంటలు వాదిస్తాం. స్థలం చూసుకునేవాళ్లకు ఆ తంటా అక్కర్లేదని నా అభిప్రాయం. అందరినీ మొదటి రకంగా అనుకుని పని చేయించుకోండి, ఖర్చులో తేడా పెద్దగా ఉండదు. మీటరు రీడింగుకొచ్చేవాళ్లు, పోస్టుమ్యాన్, లైన్‌మన్ లాంటివాళ్లు తమ ఉద్యోగధర్మంగా వస్తారు కాబట్టి వాళ్లూ మీ అతిథుల కిందే లెక్క.

పిల్లల విషయం మాత్రం వేరు. నీళ్లు, రేగిచెట్టు, ఇసక గుట్ట, ట్రాక్టరు కనబడితే పిల్లాడు ఆగడు. ఆగడని మీకూ తెలుసు. బొమ్మలాగా పిలిచే వస్తువును అందుబాటులో వదిలేసి, వాడొచ్చాక "చొరబడ్డాడు" అంటే చెల్లదు. 1929లో బ్రిటన్ అత్యున్నత కోర్టు ఒక బొగ్గుగని యంత్రంలో పడి చనిపోయిన నాలుగేళ్ల పిల్లాడి కేసులో, వాడు అనుమతి లేకుండా వచ్చాడు కాబట్టి గనికి బాధ్యత లేదంది. 1972 వచ్చేసరికి ఆ మాట నిలవలేదు. తెగిన కంచె సందులోంచి వెళ్లి కరెంటు పట్టాల మీద ఒళ్లు కాలి గాయపడిన ఆరేళ్ల పిల్లాడి కేసులో, కంచె తెగిందని తెలిసీ బాగుచేయని రైల్వేనే బాధ్యురాలిని చేశారు. ఈ మార్పును తేవడానికి వాళ్లకు నలభై మూడేళ్లు పట్టింది.

మూడో పని: కొత్త మనిషిలా ఒకసారి తిరిగి చూడండి

రోజూ తిరిగే చోట మనకు ప్రమాదం కనబడదు, కాలే దాన్ని తప్పించుకుంటుంది. అందుకని ఒకసారి పొద్దుగూకాక, టార్చి లేకుండా గేటు దగ్గర్నుంచి మోటారు దాకా నడవండి. ఇంకోసారి మోకాలెత్తున వంగి చూడండి, పిల్లాడికి ఏవి అందుతాయో తెలుస్తుంది.

మా ఇంటి సంపు మూత విరిగితే నెల రోజులు పాత ప్లైవుడ్ చెక్క కప్పి ఉంచాను. మేమందరం దాన్ని దాటుకుంటూనే పోయేవాళ్లం. ఒక తెల్లవారుజామున పాలు పోసే ఆమె దాని మీద అడుగేసింది. చెక్క విరిగి కాలు తొడ దాకా దిగిపోయింది, క్యాను పడి పాలు నేలపాలయ్యాయి. "ఏం కాలేదులే నాయనా" అని ఆమె అంటూనే ఉంది, పాదం దగ్గర మాత్రం ఎముక చిట్లింది. చట్టం చెప్పేవాడినై ఉండి నేనే ఆమెకు ఒక మాట చెప్పలేదు, ఒక ఇటుక అడ్డం పెట్టలేదు. వైద్యం ఖర్చు, నెలన్నర పాల డబ్బు ఇచ్చాను. ఇనప మూతకు అయిన ఖర్చు అందులో పదో వంతు లేదు.

తిరిగేటప్పుడు కనిపించినవన్నీ తారీకు వేసి కాగితం మీద రాసుకోండి. బాగుచేయించాక పక్కన ఆ తారీకూ, మేస్త్రీ పేరూ రాయండి, బిల్లు దాచండి. రేపు ఏదన్నా జరిగితే "నేను శ్రద్ధ తీసుకున్నాను" అని చెప్పడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం ఉండదు.

బోరు బావి

దర్శి, కనిగిరి, మార్కాపురం మెట్టల్లోనూ, ఉదయగిరి వైపూ ఎండిన బోరు లేని చేను అరుదు. అందుకే దీని మీద కాస్త ఎక్కువ చెబుతాను.

పసిపిల్లలు పడి చనిపోతున్నారని సుప్రీంకోర్టు తానే చొరవ తీసుకుని 2010లో మార్గదర్శకాలు ఇచ్చింది. అవి దేశమంతటికీ వర్తిస్తాయి. బోరు వేసే ముందు కనీసం 15 రోజులకు ముందు రాతపూర్వకంగా అధికారులకు తెలపాలి. బోరు వేసే సంస్థకు రిజిస్ట్రేషన్ ఉండాలి. మన రాష్ట్రంలో 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కూడా బోర్ల నమోదు సంగతి చెబుతుంది. తవ్వే చోట యజమాని పేరు, బోరు బండి వాళ్ల చిరునామాతో బోర్డు పెట్టాలి. చుట్టూ ముళ్లకంచో, గట్టి అడ్డమో ఉండాలి. కేసింగ్ చుట్టూ సిమెంటు దిమ్మె కట్టాలి, నేలపైన 0.30 మీటరు, నేలలోకి 0.30 మీటరు ఉండేలా. పైపు మూతికి ఇనప పలక వెల్డింగు చేయాలి, లేదా బోల్టులతో బిగించే గట్టి మూత పెట్టాలి. మోటారు పైకి తీసి మరమ్మతు చేసే రోజుల్లో కూడా బోరు నోరు తెరిచి వదలకూడదు. పని అయ్యాక బురద గుంటలు, కాలవలు పూడ్చేయాలి.

నీళ్లు పడని బోరును మన్ను, ఇసక, రాళ్లు, తవ్వకంలో వచ్చిన పొడితో అడుగు నుంచి నేల మట్టం దాకా పూడ్చాలి. ఇక్కడే అందరం తప్పు చేసేది. గోతం కుక్కడం, కంప కప్పడం, బండరాయి పెట్టడం ఇవేవీ పూడ్చడం కాదు. పైనుంచి ఒక్కసారిగా మట్టి తోస్తే మధ్యలో అడ్డం పడి ఆగిపోతుంది, పైకి నిండినట్టే కనిపిస్తుంది, రెండు వానలు పడ్డాక దిగిపోతుంది. అందుకని కొంచెం కొంచెంగా పోసి, నీళ్లు కొట్టి, దిగాక మళ్లీ పోయాలి. నేల మట్టానికి ఒక అడుగు పైకి కుప్పగా వదిలి, తొలకరి తర్వాత మళ్లీ వెళ్లి చూడాలి. కేసింగ్ పీకే రోజే పూడ్పించండి, రేపు అంటే అది మూడేళ్లవుతుంది. మా ఇంట్లో అదే జరిగింది.

కరెంటు కంచె

పంట పండే రోజుల్లో అడవి పందులు ఒక్క రాత్రిలో ఎకరా నాశనం చేస్తాయి. ఆ కడుపుమంట నాకు తెలుసు. అయినా బైండింగ్ వైరు చేను చుట్టూ లాగి లైనులోంచి నేరుగా కరెంటు పెట్టడం అన్నది చేయకూడని పని, ఏ పరిస్థితిలోనూ.

1963లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన బీహారు కేసు ఒకటుంది, చెరుబిన్ గ్రెగరీ కేసు అంటారు. పక్కింటివాళ్ల మరుగుదొడ్డి గోడ కూలిపోయింది. వాళ్లు గ్రెగరీ మరుగుదొడ్డి వాడుకోవడం మొదలుపెట్టారు. వద్దన్నా వినలేదు. ఇతను దారికి అడ్డంగా తొడుగు లేని తీగ కట్టి కరెంటు వదిలాడు, ఎవరికీ చెప్పలేదు. పక్కింటి స్త్రీ లోపలికి పోయేటప్పుడు తగలకుండానే పోయింది. తిరిగి వచ్చేటప్పుడు చెయ్యి తగిలి చనిపోయింది. ఆమె అనుమతి లేకుండా వచ్చింది, నా ఆస్తిని కాపాడుకునే హక్కు నాకుంది అని అతని వాదన. చొరబడ్డంత మాత్రాన మనిషి చట్టం రక్షణ కోల్పోడని కోర్టు తేల్చింది, శిక్ష నిలబెట్టింది. అరవై ఏళ్లు దాటినా ఈ తీర్పు ఇప్పటికీ మన కోర్టుల్లో మొదట వినిపించేది.

అప్పుడు ఆ నేరానికి గరిష్ఠంగా 2 ఏళ్లు. పాత ఐపీసీ స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ ప్రకారం నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే 5 ఏళ్ల దాకా జైలు. ప్రాణం పోతుందని తెలిసే చేశారని తేలితే 105వ సెక్షన్, 10 ఏళ్ల దాకా. అనుమతి లేకుండా లైను నుంచి కరెంటు లాగితే విద్యుత్తు చట్టం 135వ సెక్షన్ కింద దొంగతనం వేరే. అడవి పందిని అనుమతి లేకుండా చంపితే 1972 వన్యప్రాణి చట్టం ఇంకొకటి. ఇవన్నీ ఒకవైపు. నా అనుభవంలో ఆ తీగకు బలయ్యేది ఎక్కువగా దొంగ కాదు. నీళ్లు కట్టడానికి రాత్రి కరెంటుకు లేచిన పక్క రైతో, గొర్రెలు తోలుకొచ్చిన కుర్రాడో, ఒక్కోసారి తీగ కట్టినవాడి ఇంట్లో మనిషో.

కంచె కావాలంటే సోలారు కంచె పెట్టుకోండి. దాంట్లో ఎనర్జైజర్ అన్న పెట్టె క్షణకాలం మాత్రమే చిన్న దెబ్బ కొట్టి ఆగి మళ్లీ కొడుతుంది. పంది జడుస్తుంది, మనిషికి జలదరింపు. ఐఎస్‌ఐ గుర్తున్న పెట్టే కొనండి, ఎవరో బిగించి ఇచ్చింది వద్దు. తీగ మీద దూరదూరంగా పసుపు రేకులు వేలాడదీసి, "కరెంటు కంచె" అని తెలుగులో రాసి, చదువురానివాళ్ల కోసం మెరుపు బొమ్మ కూడా వేయండి. ఆ కంచెను మెయిన్ లైనుకు కలిపేస్తే సోలారు అన్న పేరు తప్ప ఏమీ మిగలదు.

గుంటలు, బావులు, క్వారీలు

అల్లూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు రొయ్యల గుంటల్లో ఏరియేటర్ల (నీళ్లకు గాలి అందించే యంత్రాల) తీగలు నీళ్లలోనే తేలుతుంటాయి. అతుకుల దగ్గర టేపు చుట్టి వదిలేయడం చూస్తాం. భూమికి పోయే కరెంటును పసిగట్టి ఆపే స్విచ్, ఈఎల్‌సీబీ అంటారు, తప్పకుండా పెట్టించండి. కాపలామనిషికి గుంట దగ్గర గుడిసె వేస్తే ఆయన పిల్లలూ అక్కడే ఉంటారని గుర్తుపెట్టుకుని గట్టుకూ గుడిసెకూ మధ్య దడి కట్టండి.

చీమకుర్తి పరిసరాల్లో పని ఆగిన గ్రానైటు గుంతలు వానాకాలంలో నిండి ఈతకు పిలుస్తుంటాయి. గనుల భద్రతా నియమాల ప్రకారం క్వారీ అంచు చుట్టూ గట్టి కంచె ఉండాలి. ఆ గుంత పక్కన మీ సొంత పొలం ఉంటే, మీ వైపు నుంచి దారి మూయమని పంచాయతీకీ, గనుల శాఖకూ ఒక అర్జీ పెట్టి రసీదు తీసుకోండి. దిగుడుబావులకు నడుమెత్తు పిట్టగోడ కట్టించండి, కట్టించలేకపోతే మెట్ల మొదట్లో ముళ్లకంప కాకుండా తాళం పడే తలుపు పెట్టండి. కంపను ఎవరో ఒకరు పొయ్యిలోకి పట్టుకుపోతారు.

ఇల్లు, ప్రహరీ, కుక్క

రోడ్డు వైపు ఉన్న గోడ, సన్‌షేడు, బోర్డు, ఎండిన కొబ్బరి మట్ట పడి దారినపోయేవాళ్లకు దెబ్బ తగిలితే బాధ్యత మరింత కఠినం. ఢిల్లీ చాందినీ చౌక్‌లో ఒకప్పుడు గడియారపు గోపురం కూలి మనుషులు చనిపోయారు. లోపల లోపం ఉందని మాకు తెలియదని మున్సిపాలిటీ అంది. 80 ఏళ్ల కట్టడం, 40, 45 ఏళ్లే ఉండే సున్నం, నువ్వెందుకు పరీక్ష చేయించలేదని 1966లో సుప్రీంకోర్టు అడిగింది. పైకి కనపడే లోపమైనా, కనపడనిదైనా, దారి పక్క కట్టడానికి యజమానిదే బాధ్యత అంది. నెల్లూరు పాతూరులో, ఒంగోలు సందుల్లో పగుళ్లు తేలిన మేడలున్నవాళ్లు తుఫాను కాలానికి ముందు ఒక ఇంజనీరుకు చూపించండి. కూల్చేటప్పుడో బాగుచేసేటప్పుడో జాగ్రత్త తీసుకోకపోతే న్యాయ సంహిత 290వ సెక్షన్ ఉంది.

కుక్కకు 291. కరిచే గుణముందని తెలిసిన కుక్కను గేటు తీసి వదిలితే "కుక్కలున్నవి జాగ్రత్త" బోర్డు కాపాడదు. పాలామె, పేపరు కుర్రాడు వచ్చే వేళల్లో కట్టేయండి.

డబ్బు తీసుకుని రానిచ్చే చోట్లు

కల్యాణ మండపం, హాస్టలు, సినిమా హాలు, ఈతకొలను, లాడ్జి. ఇక్కడ అతిథి వినియోగదారుడు కూడా, కాబట్టి 2019 వినియోగదారుల చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళ్లొచ్చు. "ఏ ప్రమాదానికీ యాజమాన్యం బాధ్యత వహించదు" అని గోడ మీద రాసుకుంటే బాధ్యత పోదు. ఢిల్లీ ఉపహార్ సినిమా హాల్లో 1997 జూన్ 13న జరిగిన అగ్నిప్రమాదంలో 59 మంది చనిపోయారు. ఎక్కువ టిక్కెట్ల కోసం బాల్కనీలో నడిచే దారి మూసి సీట్లు వేయడం అక్కడ ప్రాణాలు తీసిన కారణాల్లో ఒకటి. మన మండపాల్లో వెనక తలుపుకు తాళం వేసి, దాని ముందు కుర్చీలు పేర్చడం చూసినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది. ముహూర్తం నాడు అన్ని తలుపులూ తెరిచారో లేదో చూసే పని ఒక మనిషికి పేరుపెట్టి అప్పగించండి.

నెల్లూరులో రొట్టెల పండుగ రోజుల్లో బారా షహీద్ దర్గా చుట్టుపక్కల ఖాళీ స్థలాలను పార్కింగుకు ఇస్తారు. బండికి డబ్బులు తీసుకున్నారంటే ఆ స్థలం అంతటికీ ఆ రోజులకు మీరే బాధ్యులు. ముందు రోజు గుంతలు పూడ్చండి, రాత్రికి లైటు పెట్టండి.

ఏడాదికోసారి పబ్లిక్ లయబిలిటీ బీమా కట్టుకోవడం కూడా ఇలాంటి చోట్లకు అవసరమే.

అనుమతి లేకుండా వచ్చినవాడితో ఏం చేయొచ్చు

వెళ్లిపొమ్మని చెప్పొచ్చు. వెళ్లకపోతే అవసరమైనంత మేరకే బలం వాడి బయటకు పంపొచ్చు. 112కు ఫోను చేయొచ్చు. నేరం చేయాలనో, బెదిరించాలనో, చికాకు పెట్టాలనో వస్తే అది న్యాయ సంహిత 329 కింద నేరం. బంతి కోసం గోడ దూకిన పిల్లాడు అందులోకి రాడు. గోడ మీద పగలు కనబడే గాజుపెంకులు, ముళ్లతీగ సాధారణంగా తప్పు పట్టరు, ఎందుకంటే అవి చూసి ఆగిపోవచ్చు. దాచిపెట్టిన ఉచ్చు, కప్పిన గుంత, కరెంటు తీగ, ఇవి ఆపడానికి కాదు, దెబ్బ తీయడానికి పెట్టినవి. అవి నేరం.

ఆస్తి కోసం ప్రాణం తీసేదాకా వెళ్లే హక్కు చాలా ఇరుకైనది. దోపిడీ, రాత్రిపూట ఇంట్లో దూరడం, ఉన్న ఇంటికి నిప్పు పెట్టడం, ప్రాణభయం కలిగించే దొంగతనం లాంటి కొన్ని సందర్భాలే న్యాయ సంహిత 41వ సెక్షన్‌లో ఉన్నాయి. అప్పుడు కూడా అవసరానికి మించి హాని చేయకూడదు. నిమ్మతోటలో కాయలు కోసుకుపోయేవాడు ఆ జాబితాలో లేడు.

జరగరానిది జరిగితే

కరెంటు ప్రమాదమైతే ముందు మెయిన్ తీయండి. ఆ తర్వాతే మనిషిని ముట్టుకోండి. 108కి ఫోను, 1912కు విద్యుత్తు శాఖ వాళ్లకు. నెల్లూరు సదరన్ డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) కింద, ఒంగోలు సెంట్రల్ డిస్కం కింద ఉన్నాయి, రెండింటికీ అదే నంబరు. బోరులో పిల్లాడు పడితే తాళ్లు వేసి లాగే ప్రయత్నం చేయకండి, మట్టి విరిగి పడుతుంది. జనాన్ని దూరంగా జరిపి, 112కు చెప్పి, పైపు ద్వారా గాలి అందేలా చూడండి.

తీగ తీసేయడం, గుంత పూడ్చేయడం, సాక్షికి మాటలు నేర్పడం వద్దు. ప్రమాదం నిర్లక్ష్యంతో మొదలైనా, దాన్ని కప్పిపుచ్చితే సాక్ష్యం మాయం చేసిన నేరం కూడా కలుస్తుంది. ఫోటోలు తీయండి, ఆసుపత్రికి మీరే వెంట వెళ్లండి. వైద్యం ఖర్చు పెట్టుకుంటే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని భయపడి కొందరు ముఖం చాటేస్తారు. మానవత్వంతో చేసిన సాయం మీకు మేలే చేస్తుంది, కావాలంటే ఇచ్చిన డబ్బుకు రసీదు రాయించుకోండి.

దెబ్బతిన్నది మీరైతే

చోటును అలాగే ఫోటో తీయించండి, చూసినవాళ్ల ఫోను నంబర్లు రాసుకోండి, ఆసుపత్రిలో "ఎలా జరిగింది" అన్న గడిలో నిజం రాయించండి. అక్కడ "జారిపడ్డాడు" అని రాస్తే తర్వాత ఎంత చెప్పినా అదే మీకు ఎదురు తిరుగుతుంది. పోలీసు ఫిర్యాదు, సివిలు దావా రెండూ వేర్వేరు, ఒకటి వేస్తే రెండోది పోదు.

మనిషి చనిపోతే భార్య, భర్త, తల్లిదండ్రులు, పిల్లలు 1855 ప్రాణాంతక ప్రమాదాల చట్టం కింద పరిహారం అడగొచ్చు. దానికి గడువు చనిపోయిన రోజునుంచి 2 ఏళ్లు. వినియోగదారుల కమిషన్‌కూ 2 ఏళ్లే. పెద్దమనుషుల పంచాయతీలో మాటలు నడుస్తూ నడుస్తూ ఈ రెండేళ్లు దాటిపోయిన కుటుంబాలను చూశాను, ఆ తర్వాత వాళ్లకు నేను చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. రాజీ మాట్లాడుకోండి, వద్దనను, కానీ రాజీని లోక్ అదాలత్‌లో రాయించుకోండి. ఆ అవార్డుకు కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, కోర్టు ఫీజు ఉండదు. మీ తప్పు కూడా కొంత ఉంటే పరిహారం ఆ మేరకు తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు. చిన్నపిల్లల మీద ఆ తప్పు మోపడానికి కోర్టులు సాధారణంగా ఒప్పుకోవు.

వకీలుకు ఇచ్చే డబ్బు లేకపోతే 15100కు ఫోను చేయండి. స్త్రీలకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. నెల్లూరులోనూ ఒంగోలులోనూ జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లినా అర్జీ వాళ్లే రాసిపెడతారు. వెళ్లేటప్పుడు ఆధార్ జిరాక్సు, ఆసుపత్రి చీటీలు, ఎఫ్‌ఐఆర్ నకలు, ఫోటోలు తీసుకెళ్లండి.